కొయ్యరేవు కంటిపరీక్ష

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. కొయ్యరేవులో ఊరు ఊరంతా ఉలిపికట్టే. భద్రాచలం దాటి అడవిలోకి పోయాక, గోదావరి ఒడ్డుకు అంటుకొని రెండు వందల గడపల ఊరు. ప్రతి ఇంటి ముఖమూ ఏటివైపే. రోడ్డు వచ్చి పదేళ్లయినా దాన్ని పెరట్లోనే నిలబెట్టారు. బస్సు దిగినవాడు బర్రెల మధ్య నుంచి, అంట్లు తోమే చోటు నుంచి ఊళ్లోకి రావాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, వాడిని దొడ్డిదారిన వచ్చినవాడనే అంటారు. మర్యాదస్తుడు లాంచీలో వస్తాడు.

ఆంథోని లాంచీలోనే వచ్చాడు. మర్యాద కోసం కాదు, ఆ రోజు బస్సు చెడిపోయింది.

ఆయన ఖమ్మంలో ఒక మిషన్ దవాఖానాలో కంటి పరీక్షలు చేస్తాడు. ఇల్లు ఖానాపురం హవేలిలో. డాక్టరు కాదు. అడవి ఊళ్లలో క్యాంపు పెట్టినప్పుడు అందరూ డాక్టర్ సారూ అంటే మొదట్లో సరిదిద్దేవాడు, పదేళ్లయ్యాక విసుగొచ్చి మానేశాడు. 2006లో, ఎండలు ముదరకముందు, పైనుంచి ఒక హుకుం వచ్చింది. లాంచీ చుక్కాని పట్టే ప్రతి సరంగుకూ కంటి పరీక్ష చేసి కాయితం ఇవ్వాలి, వానలు పడ్డాక కాయితం లేనివాడు చుక్కాని ముట్టకూడదు. కొయ్యరేవులో సరంగులు పదకొండుగురు. రెండు రోజుల్లో ముగించుకొని ఆదివారానికి చర్చిలో ఉండొచ్చనుకున్నాడు ఆంథోని.

పై రేవులో ఆయన ఎక్కిన లాంచీకి సరంగు బొజ్జయ్య. అరవై దాటిన మనిషి. గడ్డం ఎత్తి, రెండు చేతులూ చుక్కాని చక్రం మీద వేసి, దూరపు కొండల మీద చూపు నిలిపి నిలబడ్డాడు. గంటన్నర ప్రయాణంలో ఒక్కసారి కూడా నీళ్ల వంక చూడలేదు. లాంచీ ముందు అంచున ఆయన భార్య కొండమ్మ వెదురు గడ పట్టుకొని కూర్చుంది. గడను నీళ్లలో ముంచి తీస్తూ లోతు చెప్తోంది. అక్కడ లోతుకు మనిషి ఒళ్లే కొలత.

"మోకాలు... మొల... మొల... పీక... నిలువు. అడవిదిక్కు బండ!"

ఆమె అలా అన్నదో లేదో చక్రం ఏటివైపు తిరిగేది. ఆంథోని ముచ్చటపడ్డాడు. ఈ పెద్దాయనకు పరీక్ష పెట్టడమే దండగ, డేగకు కళ్ళజోడు అమ్మబోయినట్టుంటుంది అనుకున్నాడు.

దిగేటప్పుడు కొండమ్మ ఆంథోని చంకలోని కాయితపు చుట్ట చూసింది. "అదేంది సారూ?"

"కంటి చార్టమ్మా. చదువు రానోళ్లకు. మూడు కాళ్ల గుర్తులుంటయి. ఆ కాళ్లు ఎటు తిరిగున్నయో చెప్తే చాలు. పైన పెద్దవి, కిందికొచ్చే కొద్దీ చిన్నవి."

"గంతేనా?" అంది కొండమ్మ.

"గంతే," అన్నాడు ఆంథోని. అడిగినవాళ్లకు అడిగినదాని కంటే ఎక్కువ చెప్పడం ఆయన అలవాటు.

మర్నాడు పొద్దున బడి గదిలో ఎగువ గోడకు చార్టు తగిలించి, ఇరవై అడుగుల దూరంలో సుద్దగీత గీసి, మొదటి సరంగును నిలబెట్టాడు. అతని పేరు వీరబాబు. నలభై ఏళ్లవాడు, కొయ్యరేవులో అందరికంటే గొంతు పెద్దది.

"ఎడమ కన్ను మూసుకో."

"ఎడమ అంటే ఎటు సారూ? ఏరుదిక్కు కన్నా, అడవిదిక్కు కన్నా?"

కొయ్యరేవులో కుడిచేతి మాట అన్నం తినేటప్పుడే వస్తుందని ఆంథోనికి అప్పుడు తెలిసింది. మిగతా వేళల్లో ఏరుదిక్కు, అడవిదిక్కు, ఎగువ, దిగువ. మనిషి అటు తిరిగితే ఏరుదిక్కు కన్ను కాస్తా అడవిదిక్కు కన్నవుతుంది. కాసేపు వాదించి చూశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి తనే దిగొచ్చి, "సరే, ఏరుకన్ను మూసుకో," అన్నాడు. ఆ తర్వాత పని చకచకా సాగింది. గుర్తుల కాళ్లు ఎటున్నాయంటే "ఆకాశం, ఏరు, నేల, అడవి" అని చెప్పుకుంటూ పోయారు. మధ్యాహ్నానికి ఆరుగురు అయ్యారు. అందరూ పాసే. అన్నిటికంటే చిన్నదైన ఆఖరి వరస మాత్రం వీరబాబుతో సహా ఎవరికీ పూర్తిగా అందలేదు. అది అందనక్కర లేదు కూడా.

కొండమ్మ పొద్దుటి నుంచీ బడి బయట, కిటికీకి దూరంగా, చింతచెట్టు కింద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. ఎవరూ పట్టించుకోలేదు.

భోజనానికి శ్యామల హోటల్‌కు వెళ్లాడు. లాంచీలవాళ్లు దిగితే తినేది, పడుకునేది, పోట్లాడుకునేది అంతా అక్కడే. అక్కడ పంజరం లేని ఒక గోరింక ఉంది. లాంచీ కూతను అచ్చు దింపేస్తుంది. కొత్తవాళ్లు సంచీలెత్తుకొని రేవుకు పరిగెత్తడం, ఊరివాళ్లు నవ్వుకోవడం రోజూ ఉండేదే. నిన్న సాయంత్రం ఆంథోని రెండుసార్లు పరిగెత్తాడు.

చేపల పులుసు వడ్డిస్తూ శ్యామల అడిగింది. "కండ్లు కనపడకపోతే ఏం జేస్తరు సారూ?"

"ఖమ్మం తీస్కపోయి ఆపరేషన్ చేపిస్తం. నలభై రోజులు పనికి దూరముండాలె. మళ్ల వచ్చి నడుపుకోవచ్చు."

శ్యామల గరిటె పట్టుకొని అలాగే నిలబడింది. "మళ్ల వచ్చుడు ఇక్కడ ఉండదు సారూ. చుక్కాని ఇస్తే ఇచ్చినట్టే. మా నాయిన జరమొచ్చి ఐదు దినాలు మా మేనమామకిచ్చిండు. ఆరో దినం పోయి అడిగితే, రేవు రేవంత మొఖం తిప్పుకున్నది. చచ్చేదాక అరటిపండ్లు అమ్మిండు."

"ఇదేం న్యాయం?"

"ఏటి న్యాయం. వారానికోసారి ఇసుక మేట జరుగుతది. ఒడ్డెక్కి కూసున్నోనికి ఏరు తెల్వదు. తెల్వనోని చేతిల పానాలు పెడ్తమా?"

ఆంథోని దాన్ని వింత ఆచారాల కింద జమకట్టి చేయి కడుక్కున్నాడు.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి నేరుగా చార్టు మీద పడింది. గుర్తులు మెరిసిపోతున్నాయి. ఆయన చార్టును తీసి ఎదుటి గోడకు, అంటే దిగువ గోడకు తగిలించాడు. సుద్దగీత ఇటు మార్చాడు. అంతకు మించి ఏమీ చేయలేదు.

అప్పుడే కొండమ్మ బొజ్జయ్య భుజం మీద చేయి వేసి తీసుకొచ్చింది. మధ్యాహ్నం ఇంటికి వెళ్లింది కనుక చార్టు గోడ మారినట్టు ఆమెకు తెలియదు. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆంథోని బొజ్జయ్యను గౌరవంగా గీత మీద నిలబెట్టి, "మొదలుపెట్టు పెద్దాయనా," అన్నాడు.

బొజ్జయ్య గడ్డం ఎత్తాడు. లాంచీలో కొండల వంక చూసినట్టే గోడ వంక చూశాడు.

"ఆకాశం. అడవి, నేల. ఏరు, ఏరు, ఆకాశం..."

తడుముకోలేదు, కళ్ళు చిట్లించలేదు. ఎవరికీ అందని ఆఖరి వరసతో సహా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఆంథోని చార్టుతో సరిచూసుకుని బిత్తరపోయాడు. ఆకాశం అన్నచోటల్లా ఆకాశమే. నేల అన్నచోటల్లా నేలే. పక్కలకు తిరిగిన గుర్తులు మాత్రం పద్నాలుగుకు పద్నాలుగూ తారుమారు. ఏరు అనాల్సిన చోట అడవి, అడవి అనాల్సిన చోట ఏరు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇలాంటి జబ్బు చూడలేదు. ఇదేదో పెద్ద డాక్టర్లకు రాయాల్సిన సంగతని కూడా అనుకున్నాడు.

తల ఎత్తేసరికి గుమ్మంలో కొండమ్మ నోటి మీద చేయి పెట్టుకొని కనిపించింది. ఆమె చూస్తున్నది చార్టును కాదు. పొద్దున చార్టు ఉన్న ఖాళీ గోడను.

అప్పుడు ఆంథోనికి బుర్రలో దీపం వెలిగింది. పొద్దున ఎగువ గోడకు చార్టు ఉన్నప్పుడు, దాన్ని చూసేవాడికి ఏరు ఎడమచేతి వైపు ఉంది. ఇప్పుడు దిగువకు తిరిగి నిలబడ్డాడు కనుక ఏరు కుడిచేతి వైపుకు వచ్చింది. కుడీ ఎడమా అని బట్టీ పట్టినవాడు ఏ గోడ ముందైనా గట్టెక్కేవాడే. బొజ్జయ్య మాత్రం, కొండమ్మ నేర్పినట్టు, ఏరూ అడవీ అని బట్టీ పట్టాడు. ఇలాంటి తప్పు చేయాలంటే కొయ్యరేవులో పుట్టాలి.

"పెద్దాయనా, చార్టు కనబడుతుందా?"

బొజ్జయ్య గడ్డం దించాడు. ఆంథోని టార్చి వేసి చూశాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు పండిపోయి ఉన్నాయి. పగలూ రాత్రీ తేడా తెలుస్తుంది, మనుషులు నీడల్లా తెలుస్తారు, అంతకు మించి లేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేండ్లు," అంది కొండమ్మ గుమ్మంలోంచే.

నిన్న గంటన్నరసేపు తను ఆ లాంచీలో హాయిగా కునుకు కూడా తీశానని గుర్తొచ్చి ఆంథోనికి చెమట పట్టింది. తర్వాత ఊరి మీద కోపం వచ్చింది. తిలాపాపం తలా పిడికెడు. ఈ సంగతి వీరబాబుకు తెలుసు, శ్యామలకు తెలుసు, ఒడ్డున గుడ్డలుతికేవాళ్లకు కూడా తెలుసు. ఒక్కడూ నోరు మెదపలేదు.

"అందరు చల్లగనే దిగిన్రు గద సారూ," అన్నాడు బొజ్జయ్య. "ఒక్క బండకు తాకలే. ఆమె నోరు, నా చేతులు. కాయితం ఇయ్యి సారూ. చుక్కాని పోతే నేను ఊర్ల ఎవన్ని? ఒడ్డుమీది ముసలోన్ని."

ఆ గొంతు విని ఆంథోని కోపం సగం దిగింది. కానీ సంతకం పెట్టే మనిషి కాదు ఆయన. ఆపరేషన్ చేయిస్తే కళ్ళొస్తాయని, కళ్ళొస్తే కాయితం వస్తుందని నచ్చజెప్పబోయాడు. బొజ్జయ్య తల అడ్డంగా ఊపాడు. నలభై రోజులు చుక్కాని ఎవరికివ్వాలి? ఇస్తే ఇచ్చినట్టే. గుడ్డివాడిగా చుక్కాని పట్టుకు చస్తాడు గాని, కళ్ళు తెచ్చుకొని అరటిపండ్లు అమ్మడు.

అక్కడ ఆంథోనికి ఒక ఉపాయం తట్టింది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

"మరి కొండమ్మకియ్యరాదూ? ఆలు పరాయిదా ఏంది? ఇంట్లదే ఇంట్లో ఉంటది."

సాయంత్రం రేవు మెట్ల మీద పదిమంది సరంగులూ కూర్చొని ఆ మాటను అటూ ఇటూ తిప్పారు. ఆడమనిషి చుక్కాని పట్టడం చూడలేదన్నారు. కూడదని కూడా ఎవరూ ఎప్పుడూ అనలేదన్నారు. లాంచీ ఓనరు ఎక్కడో దిగువన ఉంటాడు, బండి తిరిగితే చాలు ఆయనకు. చివరికి వీరబాబు బీడీ పారేసి తేల్చాడు. "ఆలు పరాయిది గాదు. గాని చుక్కాని చుక్కానే." ఆ మాటలో రెండో సగం ఎవరూ పట్టించుకోలేదు.

బొజ్జయ్య ఆంథోని చేయి వెతికి పట్టుకున్నాడు. "నా చుక్కాని నాకొస్తదా సారూ?"

"వస్తది. నాది పూచీ. కాయితం పట్టుకొని నేనే వస్తా."

కొండమ్మ పక్కనే ఉంది.  ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఖమ్మంలో బొజ్జయ్యకు ఒక కంటి ఆపరేషన్ అయ్యాక రెండో కన్ను చేశారు. వార్డులో కొన్నాళ్లుంచి పంపేస్తే ఆంథోని తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో బొజ్జయ్యకు మూడు రోజులు నిద్ర పట్టలేదు. మంచం ఎటు వేసినా లేచి కూర్చునేవాడు. నాలుగో రోజు ఆంథోని భార్య ఫ్లోరెన్స్‌ను అడిగాడు, "అమ్మా, ఇక్కడ ఏరు ఎటు?" మున్నేరు ఉన్న వైపు ఆమె చేయి చూపించింది. మంచం అటు తిప్పి, ఎగువకు తల పెట్టి, ఆ పూటంతా గుర్రుకొట్టి నిద్రపోయాడు. అప్పటి నుంచి షేర్ ఆటోవాళ్లకు కూడా ఏరుదిక్కు పోనియ్యి అని చెప్పడం మొదలుపెట్టాడు.

నలభై రోజులయ్యాక కట్టు, నల్లద్దాలు, మందు చుక్కలు అన్నీ అయిపోయాయి. చార్టు ముందు నిలబెడితే బట్టీతో పని లేకుండా చదివాడు. ఆంథోని 'ఫిట్' అని రాసి, స్టాంపు గుద్ది, కాయితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని, ఆయన్ను వెంటబెట్టుకొని బయల్దేరాడు. దారి పొడుగునా బొజ్జయ్య పసిపిల్లవాడిలా బస్సు కిటికీ వదల్లేదు. బోర్డులు, మేకలు, ఎవరి చీర ఏ రంగో, అన్నీ చెప్పాడు.

పై రేవులో వీరబాబు లాంచీ కట్టేసి ఉంది. కాసేపటికి కొండమ్మ లాంచీ కూత వినబడింది. మలుపు తిరిగి, ఇసుక మేటను చుట్టి, ఒడ్డుకు రాసుకోకుండా వచ్చి ఆగింది. చక్రం దగ్గర కొండమ్మ చెంగు నడుముకు దోపి నిలబడి ఉంది. ముందు అంచున గడ ఖాళీగా పడి ఉంది. లోతు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆమె తన కళ్ళతోనే నీళ్లు చూసుకుంటూ వచ్చింది.

బొజ్జయ్య భార్యను చాలాసేపు చూశాడు. "జుట్టంత తెల్లగైంది గదే," అన్నాడు మెల్లగా.

"నీది గూడ," అంది ఆమె నవ్వి.

ఆయన లాంచీ ఎక్కి, చక్రం దగ్గరకు పోయి, రెండు చేతులూ చాపాడు. కొండమ్మ పక్కకు జరగలేదు.

"ఇస్తే ఇచ్చినట్టే గదా," అంది. "మీ రేవు మాటనే."

"నువ్వు పరాయిదానివా ఏందే?"

"కాదు. అందుకే నాకిచ్చినవ్. ఇచ్చేటప్పుడు మళ్ల తిరిగిస్తవా అని నన్నెవరన్న అడిగిన్రా?" ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు పోయినంక మేటలు ఆరుసార్లు జరిగినయ్. నీకు ఏం తెలుసు? రెండేండ్లు నేను చెప్పిన, నువ్వు తిప్పినవ్. ఊరు నిన్నే సరంగు అన్నది. అప్పుడు నేనేమన్న అన్ననా?"

బొజ్జయ్య ఆంథోని వైపు తిరిగాడు. "సారూ, మీరు మాటిచ్చిన్రు."

ఆంథోని చేతిలో కాయితం ఉంది. వీరబాబు వంక చూశాడు. వీరబాబు నీళ్ల వంక చూశాడు. కళ్ళు తెప్పిస్తానన్న మాట ఆంథోని నిలబెట్టుకున్నాడు, చుక్కాని తెప్పిస్తానన్న మాట మాత్రం తను ఇవ్వదగ్గది కానే కాదు. ఎవరి చేతిలోని వస్తువుకో తను పూచీ పడ్డాడు. ఆ మనిషి పక్కనే నిలబడి ఉన్నా ఆమెను అడగాలని కూడా తోచలేదు. నిజంగా సిగ్గుపడ్డాడు ఆంథోని.

"నాక్కూడ కాయితం కావాలె గద సారూ," అంది కొండమ్మ. "నా కండ్లు చూడున్రి. చార్టు లేకున్నా ఆఖరి వరస చెప్తా. ఆకాశం, ఏరు, నేల, నేల, అడవి, ఏరు. పొద్దటి గోడకైతే గట్ల. పగటి గోడకైతే ఏరుకు అడవి, అడవికి ఏరు."

ఆఖరి వరస పొద్దున ఏ సరంగూ పూర్తిగా చెప్పలేదని ఆంథోనికి అప్పుడు గుర్తొచ్చింది. అంటే ఈమె విని నేర్పలేదు. చూసి నేర్పింది.

"ఎక్కన్నుంచి చూసినవమ్మా?"

"చింతచెట్టు కిందినుంచే."

చింతచెట్టు నుంచి గోడకు నలభై అడుగుల పైమాటే. అయినా ఆంథోని రూలు వదిలే మనిషి కాదు. సంచీలోంచి వేరే చార్టు తీసి వీరబాబుకిచ్చి, ఒడ్డు మీద నలభై అడుగులు నడిచి పట్టుకోమన్నాడు. కొండమ్మ చక్రం వదలకుండానే ఆఖరి వరస దాకా చదివింది. ఆయన కొత్త ఫారం తీశాడు. హుకుంలో కళ్ళ సంగతే ఉంది, మిగతా సంగతులేవీ లేవు. పేరు దగ్గర కొండమ్మ అని, వృత్తి దగ్గర సరంగు అని రాసి సంతకం పెట్టాడు.

ఆంథోని ఫిట్ కాయితం బొజ్జయ్య జేబులో పెట్టబోతే, బొజ్జయ్య దాన్ని తీసుకోలేదు, తోసేయలేదు. వెళ్లి ముందు అంచున కూర్చొని, వంగి గడ అందుకున్నాడు. ఏడుస్తున్నాడో, కొత్త కళ్ళకు నీటి మీది ఎండ పడటం లేదో ఆంథోని అడగలేదు. తెలుసుకోవడం తన ఉద్యోగమే అయినా అడగలేదు.

లాంచీ కదిలింది.  మొదటి మలుపు దగ్గర బొజ్జయ్య ఉన్నట్టుండి చేయెత్తి చూపించాడు.

"కొంగలే! గా చెట్టు నిండ కొంగలు. ఒక్కటి లేసింది, సూడు..."

"లోతు చెప్పు," అంది కొండమ్మ వెనక నుంచి.

బొజ్జయ్య కాసేపు ఆ కొంగలనే చూశాడు. తర్వాత గడ నీళ్లలో ముంచాడు.

"మొల," అన్నాడు. "మొల... మొల... పీక."